గాజు గదిలో కట్టిన చరణం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త. మా ఆయన బీపీ మాత్రలు ఇవ్వడానికి వచ్చి, గడప దగ్గర చెప్పులు విడుస్తూనే చెప్పింది.

“అక్కా, మీ పాటలామెకి గొంతు తీసేత్తారంట.”

గొంతు తీసెయ్యడమేమిటి, నొప్పి చేస్తే మందిస్తారు గదా అన్నాను.

“మందులకి దాటిపోనాదంట. గడ్డ లోపలికి పట్టేసినాదంట. పేణం గావాలంటే మాట ఒగ్గుకోవాలని పెద్దాసుపత్రిలో సెప్పేసినారు. ఆ కాగితాలు నాకు సూపించి, ‘ఇందులో మల్లా పాడతానని ఎక్కడైనా రాసుందేటో సూడవే’ అనడిగింది. నానేటి సెప్పను?”

టీ పెట్టి ఇచ్చాను. తాగి, ఇంకో రెండు గడపలు తిరగాలని వెళ్ళిపోయింది. మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అలవాటు కొద్దీ ప్రార్థన చేద్దామనుకున్నాను. ‘తండ్రీ, నీకు స్తోత్రం’ అనేవరకు వచ్చింది. ఆ తర్వాత ఏమడగాలో తోచలేదు. ప్రాణం అడిగితే మాట ఇచ్చెయ్యాలి, మాట అడిగితే ప్రాణం. అడగడానికి భయమేసి, ఆమేన్ కూడా అనకుండా లేచాను.

పాటలామె అంటే హుకుంపేట దాటి కొండ మీదికి పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో ఉండే ఆదివాసీ రైతు. చోళ్ళు, అవే రాగులు, సామలు వేసుకునేది. ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్ల కింద కొంచెం కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియం తీగలు. చదువు లేదు. ధింసా నాట్యం ఆడేవాళ్ళకు పాటలు కట్టేది, తనే పాడేది. మా చుట్టుపక్కల పాటలామె అంటే మరొకరు లేరు. పేరు రాయొద్దని వాళ్ళింట్లో వాళ్ళు కోరారు కనుక రాయడం లేదు.

ధింసా ఆడలేని దాన్ని, ఆమె పాటకు నేనెలా దగ్గరయ్యానో చెప్పాలి. నేను సీలేరు కాలనీలో పుట్టాను. నాన్న పవర్‌హౌస్‌లో పని చేసేవారు. చిన్నతనంలో జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. బడికి ఎత్తు ఎక్కి పోవాలి. కొన్నాళ్ళు నాన్న మోసుకుపోయారు, తర్వాత ఆయన డ్యూటీలు మారి అది కుదరక, ఇంట్లోనే చదువు మొదలుపెట్టారు. బైబిలు, కీర్తనల పుస్తకం, రేడియో. అవే నా బడి. అక్షరాలు కుదిరాక కూడా రోజూ రేడియోలో ఏదో ఒకటి వినిపించి, ఏం విన్నావో చెప్పమనేవారు. “తిన్నదానికే కాదమ్మా, విన్నదానికి కూడా స్తోత్రం చెప్పాలి” అనేవారు. పెళ్ళయి హుకుంపేట వచ్చేటప్పటికి నాకున్న ఆస్తి ఆ మాటే.

మా ఆయనకు జీపు ఉండేది. పాడేరుకీ అరకుకీ మధ్య జనాన్ని తిప్పేవారు. కాలు బాగోలేదని నన్ను ఎప్పుడూ ముందు సీటులో కూర్చోబెట్టేవారు. ఆ ముందు సీటులోనే ఆమె గొంతు మొదట విన్నాను. సంత నుంచి వస్తున్నాం. వెనక జనం, బుట్టలు, కోళ్ళు. మా ఆయన కొత్త క్యాసెట్ పెట్టారు. చోడిచేను కాపలా కాసే కోడలు చిలకతో మాట్లాడుతోంది.

“నా సేను కాదే సిలకా, పక్క సేనుకి పోవే
పక్క సేను మా అత్తది, పొట్ట నిండా తినవే.”

వెనక ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. ఒక ముసలామె మాత్రం “ఆపు నాయనా, నానూ అత్తనే” అంది. దానికి ఇంకా నవ్వారు. మా ఆయన నా వైపు తిరిగి, “మా యమ్మ జీపెక్కినప్పుడు ఇది పెట్టకూడదు” అన్నారు. పాట నవ్వుతో మొదలై మూడో చరణానికి వచ్చేసరికి కోడలు చిలకను వెళ్ళొద్దని బతిమాలుతుంది, పొద్దుటి నుంచి తనతో మాట్లాడినది అదొక్కటేనని. అప్పుడు జీపులో ఎవరూ నవ్వలేదు.

ఆ మొదటి క్యాసెట్ నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టం. తుడుము మైకుకి మరీ దగ్గరగా పెట్టేశారు, దడదడమంటుంది. సన్నాయిలాంటి మోరీ ఊదినాయన ఒకచోట తప్పు ఊది సర్దుకుంటాడు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది. తర్వాత సీడీ వచ్చింది. అందులో కీబోర్డు చేరింది, రిథమ్ ప్యాడ్ చేరింది, గొంతుకి నూనె రాసినట్టయింది, ఊపిరి తీసేశారు. అయినా ఆ సీడీలో వలిసెపూల మీద ఒక పాట ఉంది. మొగుడు పోయినామె ఆ ఏడు కూడా వలిసెలు జల్లుతుంది. పూలు పూస్తాయి, కొండంతా పసుపుపచ్చగా వెలుగుతుంది, టూరిస్టులు కారు దిగి ఆమె చేలో నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ‘కాస్త జరగమ్మా, నువ్వు అడ్డొస్తున్నావు’ అంటారు. అంతే పాట. దాని మీద ఎన్ని వాయిద్యాలు పోసినా అది చావలేదు.

మూడో ఆల్బం దుకాణంలో దొరికేది కాదు. పెళ్ళిళ్ళలో, పండగల్లో మా ఆయన తన ఫోనులో రికార్డు చేసినవన్నీ ఒక మెమరీ కార్డులో వేసి నాకు ఇచ్చారు. కుక్కలు మొరుగుతాయి, ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తారు. వాటి మధ్య ఆమె. ఆ కార్డు దేవుడు నాకిచ్చిన వాటిలో ఒకటని అనుకుంటాను. ఇచ్చిన మనిషితో ఆ మాటే అంటే, “దేవుడికేటి, ఫోను నాది” అన్నారు.

ఆమె పాట కట్టడంలో ఒక పద్ధతి ఉంది. అది తనది కాదని, తన అమ్మమ్మ, ఆమె అమ్మమ్మ అలాగే కట్టేవారని చెప్పేది. ప్రతి పాటకూ మూడు చరణాలు కుదురుగా ఉంటాయి. కలుపు తీస్తూనో, సామలు దంచుతూనో అవి కట్టుకునేది. నాలుగోది మాత్రం ముందుగా కట్టకూడదు. ఎవరి వాకిట్లో పాడుతున్నారో ఆ వాకిట్లో నిలబడి, కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూసి, అక్కడున్న మనిషి ఒకరిని పట్టుకుని, ఆ మనిషి చెప్పకుండా దాచుకున్నదేదో చెప్పాలి. పాడాక దాన్ని ఇంకో వాకిటికి తీసుకుపోకూడదు.

“మూడు సరణాలు ఇంటికాడ వొండుకొని ఎల్తాను సెల్లీ. నాలుగోది ఆల పొయ్యి మీదే వొండాల. మిగిలిందని మూట కట్టుకు రాకూడదు” అనేది.

నేను ఆమెను ఎదురుగా విన్నది మొదట వాళ్ళ ఊళ్ళో ఒక పెళ్ళిలో. మా ఆయన పెళ్ళివాళ్ళను దింపడానికి వెళ్తూ నన్నూ తీసుకువెళ్ళారు. జీపు వెనక తలుపు దించి, దాని మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని, బారుగా తీగలా సాగి మలుపు తిరుగుతున్నారు. కాళ్ళ గజ్జెలన్నీ ఒకే కాలు అన్నట్టు మోగుతున్నాయి. ఆ బారు చివర ఈమె, నేననుకున్న దానికన్నా పొట్టి మనిషి, ముక్కుకి రెండు వైపులా పోగులు. మూడు చరణాలూ నాకు వచ్చినవే. లోపల నేనూ పాడుకుంటున్నాను. నాలుగో చరణానికి ఆమె అడుగు మానకుండా తల తిప్పి చుట్టూ చూసింది. పెళ్ళికూతుర్ని చూసింది, పందిట్లో ముసలాళ్ళను చూసింది. చివరికి నా మీద ఆగింది.

ఆ చరణం ఇక్కడ రాయను. ఆ వాకిటిది అది. అందులో నా కాలు లేదని మాత్రం చెబుతాను. నన్ను చూసిన వాళ్ళందరూ మొదట చూసేది కాలే. ఆమె చూసింది నా ఒళ్ళో ఉన్న చేతిసంచిని. దాన్ని నేనెలా పట్టుకుని కూర్చున్నానో, ఎవరిని పట్టుకున్నట్టు పట్టుకున్నానో చూసింది. మాకు పెళ్ళయి అప్పటికి చాలాకాలమైంది. పిల్లలు లేరు. ఆ సంగతి మేమిద్దరం ఇంట్లో కూడా ఎత్తుకునేవాళ్ళం కాదు.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. మా ఆయన అడిగారు. “ఏడుత్తున్నావేటి?”

“లేదు. దుమ్ము.”

“ఇంత వానలో దుమ్మేటే?” అన్నారు. ఇంటికి వచ్చేవరకు జీపు మెల్లగా నడిపారు. ఆ రోజు తర్వాత మేము ఆ సంగతి మాట్లాడుకోగలిగాం. పిల్లలు కలగలేదు గాని మాట కలిగింది. దానికి నేను ఇప్పటికీ ఆమెను తలచుకుని స్తోత్రం చెప్పుకుంటాను. కల్లు తాగి దేవతల కొలుపుల్లో పాడే మనిషి పాటకు నువ్వు వెళ్ళడమేమిటని మా సంఘంలో కొందరు అడిగారు. నాన్న మాట చెప్పాను. వాళ్ళు తల పంకించి ఊరుకున్నారు, నేను వెళ్ళడం మానలేదు.

ఇక గాజు గది సంగతి. మొదటి క్యాసెట్ కోసం ఆమెను విజయనగరంలో ఒక స్టూడియోకి తీసుకువెళ్ళారు. చిలక పాట మూడు చరణాలు పాడి ఆపేసింది. రికార్డు చేసే కుర్రాడు గాజు అవతల నుంచి, “అమ్మా, పాట చివర తెగిపోయినట్టుంది. ఇంకో చరణం లేదా?” అన్నాడట.

“ఉంటాది. ఇక్కడెవులున్నారు?” అని ఈమె అడిగింది.

“వాయించే మీవాళ్ళు కాక నేనొక్కడినే ఉన్నానమ్మా.”

“అయితే నీకే” అని ఎత్తుకుంది.

“గాజు గదిలో గాలి పంకా గిరగిర తిరిగే
సెవుల మీద డొప్పలెట్టిన సిన్నోడా
పొద్దు వాలే, నీ పళ్ళెంలో మెతుకు నేదా
నోరు తెరిసి సెప్పవేటి సిన్నోడా.”

ఆ కుర్రాడు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట. చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె ఆ అబ్బాయిని తలుచుకుని, “తిన్నాడో నేదో పాపం” అనేది.

ఆ చరణం ఆ గాజు గదిలోనే ఉండిపోవలసింది. క్యాసెట్ ఎక్కి లోయంతా తిరిగింది. ఊళ్ళో ఆడపిల్లలు పాట నేర్చుకున్నది ఆమె పక్కన నిలబడి కాదు, క్యాసెట్ ముందు కూర్చుని. నాలుగు చరణాలూ నేర్చేసుకున్నారు. స్టూడియో అంటే ఏమిటో చూడనివాళ్ళు గాజు గది అంటే కొత్త పెళ్ళికొడుకు గది అనుకున్నారు, చెవి డొప్పలంటే అతని తలపాగా అంచులనుకున్నారు. పెళ్ళికొడుకు ఆకలితో ఉన్నాడని పాట చెబుతుంటే ఊరుకుంటారా. ఆ చరణం రాగానే ఎవరో ఒకరు బెల్లంముక్క తెచ్చి అతని నోట్లో పెట్టడం మొదలైంది. ఆ తర్వాత పెళ్ళికొడుకే కానక్కర్లేదు, వాకిట్లో ఎవరిని గౌరవించాలన్నా గాజు గది ఎత్తుకోవడం, బెల్లం పెట్టడం. ఇది అనాదిగా వస్తున్న ఆచారమని ఒక పెద్దాయన నాతోనే అన్నాడు.

మొదట్లో ఆమె నవ్వేది. “నానొక సిన్నోడికి మెతుకడిగితే, లోకానికంతటికీ బెల్లమెట్టేత్తన్నారు సెల్లీ.”

తర్వాత తర్వాత నవ్వు తగ్గింది. తను కొత్త చరణం కోసం చుట్టూ చూస్తుండగానే బారులో వాళ్ళు ఆగకుండా గాజు గది ఎత్తేసుకునేవారు. ఆమె నోరు మూసుకుని వాళ్ళతో అడుగు వేసేది. “ఆల తప్పు కాదు. అలవాటైపోనాది” అనేది.

ఆశా కార్యకర్త కబురు చెప్పిన మర్నాడు కొండెక్కాం. ఆమె వాకిట్లో కాఫీ పళ్ళు ఎండబోసి, కాలితో తిరగేస్తోంది. గొంతు అప్పటికే గరగరమంటోంది. మాట్లాడుతూ మధ్యలో ఆగి నీళ్ళు గుటక వెయ్యడానికి ప్రయత్నించి, సగం పక్కకు వదిలేసేది. నేను ఓదార్పు మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. ఒక్కటీ చెప్పనివ్వలేదు.

“గొంతు పోతే పోనీ. ముసిలిదాన్ని, ఇంకెంతకాలం పాడతాను? నాలుగోది ఎవులైనా కట్టగా ఒక్కపాలి నా సెవులతో ఇనాల. ఇనేసి ఎల్తాను ఆసుపత్రికి. ఎవులూ నేర్సుకోనేదే సెల్లీ. నాతో పోతాది ఇది.”

అంతకుమించి ఆమెకు ఏ కోరికా లేదు. ఆ కోరిక తీరాలని ఆ వారమంతా నేను దేవుణ్ణి నిద్రపోనివ్వలేదు.

ఆమె చెల్లెలి కూతురు ఒకమ్మాయి అరకులో ఒక రిసార్టులో ధింసా బృందంలో పాడుతుంది. మంచి గొంతు. పాటలామె ఆ పిల్లను ‘గుంట’ అనే పిలిచేది, మాకూ అదే అలవాటైంది. పెద్దమ్మ అడిగిందని సెలవు పెట్టి వచ్చింది. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని ఆమె నేర్పుతుంటే, మేము కూడా వెళ్ళి కూర్చునేవాళ్ళం.

“ఏటి కనిపిత్తందే?” అని పెద్దమ్మ అడిగేది.

“కాపీ పళ్ళు.”

“అవి నాకూ కనిపిత్తన్నాయి. నీకేటి కనిపిత్తంది?”

గుంట చుట్టూ చూసి, “పిన్ని ముక్కు మీద సెమట” అంది నన్ను చూపించి.

“ఆఁ, అక్కడినించి ఎత్తు.”

“ముక్కు మీద ముత్యమెట్టిన ముద్దులగుమ్మా...”

“ఒలే, అది పెళ్ళికి తెచ్చిన బేండోడి పాటలాగుంది. పిన్నికి ముత్యం ఎవులెట్టారు? కొండెక్కి ఆయాసపడి వచ్చింది. అది సెప్పు.” అని నా వైపు తిరిగి, “నువ్వోపాలి సెప్పు సెల్లీ, సదువుకున్నావు గదా” అంది.

నేను ప్రయత్నించాను. నాలుగు మాటలు రాగానే చెయ్యి అడ్డం పెట్టేసింది. “నీది సర్చిలోకెల్పోతంది” అంది. ఆ నొప్పిలో కూడా ముగ్గురం నవ్వుకున్నాం.

గుంటకు వచ్చింది చివరికి. ఒక సాయంత్రం కోళ్ళను గంప కింద పెడుతూ, తనలో తనే పాడుకున్నట్టు, వాకిట్లో ఉన్న తన తల్లి మీద ఒక చరణం అనేసింది. తల్లి ఒక కోడిని లెక్క తప్పి బయట వదిలేసి, రాత్రంతా దాని గురించి అడగకుండా పడుకుందని, ఎందుకంటే ఆ రోజే కూతురు రిసార్టు పనికి వెళ్ళిపోయిందని. పెద్దమ్మ తల ఊపింది. ‘బాగుంది’ అని కూడా అనలేదు. నాకు మాత్రం ఆ తల ఊపడం చూసి గుండె నిండింది. దారి పొడుగునా స్తోత్రం చెప్పుకుంటూ దిగాను.

కానీ ఆమెకు కావలసింది అది కాదు. బారులో, వాకిట్లో, జనం ముందు, అడుగు ఆగకుండా. ఆసుపత్రికి దిగే ముందు రోజు మధ్యాహ్నం ఊరంతా ఆమె వాకిట్లో చేరారు. ఊరి దేవత రాళ్ళ దగ్గర మొక్కి వచ్చారు. తుడుము వచ్చింది, డప్పులు వచ్చాయి. మోరీ ఊదే పెద్దాయనకు పళ్ళు లేవు, అయినా వచ్చాడు. పాటలామెను మంచం మీద కూర్చోబెట్టి, గుంట బారు చివర నిలబడింది. చిలక పాట ఎత్తుకుంది. మూడు చరణాలూ కొండవాగులా పోయాయి.

నాలుగోదానికి గుంట చుట్టూ చూసింది. అచ్చం పెద్దమ్మ చూసినట్టే. చూపు మంచం మీద ఆగింది. నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం పాటలామె ముందుకు వంగింది. చెవి ఇటు తిప్పింది.

“గాజు గదిలో...” అని వచ్చింది గుంట నోట.

వెంటనే బారంతా అందుకుంది. వాకిలి దద్దరిల్లిపోయింది. అందరికీ వచ్చిన చరణం, అందరూ ప్రేమతో పాడే చరణం. పక్కింటి ముసలామె అప్పటికే కొంగులో సిద్ధంగా ఉంచుకున్న బెల్లం పట్టుకుని వచ్చింది. ఊరికి గొప్ప పేరు తెచ్చిన మనిషి, రేపు కత్తి కిందికి వెళ్తున్న మనిషి. ఆమెకు పెట్టకపోతే ఎవరికి పెడతారు? గడ్డం పట్టుకుని నోరు తెరిపించి పెట్టింది. ఆ రోజులకు పాటలామెకు గంజి కూడా సగమే దిగుతోంది. నోరు మూసుకుని, బుగ్గలో బెల్లం పెట్టుకుని, పాట అయ్యేవరకు నవ్వు మొహంతో కూర్చుంది.

తర్వాత పెరటి వైపు వెళ్ళింది. నేను కుంటుకుంటూ వెనక వెళ్ళాను. మిరియం తీగ పట్టుకుని వంగి దగ్గుతోంది. వీపు రాశాను. గొంతు సర్దుకున్నాక మొదటి మాట, “ఆ గుంటని తిట్టకండి. సక్కగానే పాడింది.”

గుంట గోడ వార కూర్చుని ఉంది. “వొచ్చేసింది పిన్నీ. నాను కట్టుకున్నదే ఎత్తబోయాను. ఆలందరూ నా ఎంక సూత్తంటే అదే వొచ్చేసింది.”

“మళ్ళీ ఎత్తమ్మా, ఇంకా పొద్దుంది” అన్నాను.

నాలుగో చరణం పడ్డాక ఆ పొద్దు ఆ వాకిట్లో మళ్ళీ పాట ఎత్తరు. అది వాళ్ళ కట్టుబాటు. నేను మరిచిపోయి అడిగాను. ఆడవాళ్ళు గజ్జెలు విప్పుకుంటున్నారు. మర్నాడు తెల్లవారగానే మా ఆయన జీపులో విశాఖపట్నం తీసుకువెళ్ళారు.

ప్రాణం నిలిచింది. గొంతు దగ్గర చిల్లు, దాని మీద చిన్న గుడ్డ. మేకల్ని నాలుక చప్పుడుతో పిలిచేది. పలక పట్టుకెళ్ళి, నాన్న నాకు నేర్పినట్టే అక్షరాలు నేర్పుదామనుకున్నాను. నోటితో పోయింది చేతితోనైనా వస్తుందని నా ఆశ. కొన్నాళ్ళు దిద్దింది. ఒక రోజు పలకను నా ఒళ్ళో పెట్టేసి, చూరు కింద అరలో ఉన్న పాత క్యాసెట్ వైపు వేలు చూపించి, రెండు చేతులూ దులిపేసుకుంది. ఒకసారి ఒకచోట ఆగిపోయిన చరణం ఏం చేసిందో చూశావు గదా అన్నట్టు. నేను మళ్ళీ పలక తీసుకువెళ్ళలేదు.

వానలకు ముందు గడ్డ మళ్ళీ వచ్చింది. చివరిసారి వెళ్ళినప్పుడు ఇంట్లో గుంట, నేను, మా ఆయన. బయట తుంపర. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని మా ముగ్గురినీ చూసింది. తలుపు దగ్గర తడిసిన కట్టెలు చూసింది. మంచంపట్టె మీద వేళ్ళతో తాళం వెయ్యడం మొదలుపెట్టింది. చిలక పాట తాళం. పెదవులు కదిలాయి. మూడు చరణాలు కావు అవి, మాకు తెలిసినవైతే పోల్చుకునేవాళ్ళం. ఆమె చూపు ఒక మనిషి మీద ఆగి ఉంది. మా ముగ్గురిలో ఎవరి మీదో, మేము దగ్గరదగ్గరగా కూర్చోవడం వల్ల, అది కూడా తెలియలేదు. పెదవులు ఆగాయి. తాళం ఆగింది.

“ఏటన్నావు పెద్దమ్మా? మల్లా అను” అని గుంట మోకాళ్ళ మీద పడి అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఒక వాకిట్లో ఒక్కసారే.

దారిలో మా ఆయన, “‘జీపు’ అన్నట్టుంది” అన్నారు. గుంటకు ‘అమ్మ’ అన్నట్టు తోచిందట. నాకు ఏమీ అందలేదు. ఇన్నేళ్ళు విన్నదాన్ని, ఊపిరితో సహా విన్నదాన్ని, నాకు ఒక్క మాటా అందలేదు.

భారీ వానల్లో పోయింది. జీపు సగం దారి వరకే వెళ్ళింది. మా ఆయన, గుంట చెరోవైపు పట్టుకుని నన్ను ఎక్కించారు. మట్టి చేసేటప్పుడు ఆడవాళ్ళు ఏడుస్తూ పాట ఎత్తుకున్నారు. చివర గాజు గదే పాడారు. చెవి డొప్పల చిన్నోడిని ఆకలేసిందా అని అడిగారు. వాళ్ళకు ఇంకోటి రాదు. అక్కడ ఆమె మీద కట్టవలసిన చరణం ఒకటి ఉంది, కట్టేవాళ్ళు లేరు. తల వంచుకుని స్తోత్రం చెబుదామని చూశాను. విన్నదానికి చెప్పగలను. క్యాసెట్‌కి, కార్డుకి, జీపు తలుపు మీద కూర్చున్న ఆ పెళ్ళికి, అన్నిటికీ చెప్పగలను. ఆ రోజు విన్నదానికి చెప్పలేకపోయాను. ఇప్పటికీ నోరు రావడం లేదు.

గుంట మళ్ళీ రిసార్టుకు వెళ్ళిపోయింది. అక్కడ అతిథుల ముందు మైకులో, ఇది కొండవాళ్ళ తాతముత్తాతల నాటి పాట, ఎవరు కట్టారో ఎవరికీ తెలియదని చెబుతారట. “మా పెద్దమ్మ కట్టిందని సెప్పాను పిన్నీ. తాతలనాటిదంటేనే బాగుంటాదన్నారు” అంది ఫోనులో. కొత్త చరణం కడుతున్నావా అని అడిగాను. “కట్టడానికి ఆల మొకాలు కనిపించవు పిన్నీ. అందరూ సెల్ఫోన్లు అడ్డమెట్టుకుంటారు” అని పెట్టేసింది.

చదివిన వారిని ఒక్కటి అడుగుతాను. ఎప్పుడైనా ఈ కొండల పాట మీ చెవిన పడి, కింద జానపదమని మాత్రమే రాసి ఉంటే, దాన్ని చోళ్ళు పండించుకుని బతికిన ఒక మనిషి కట్టిందని తలుచుకోండి. మాటలన్నీ పోయాక కూడా మాలో ఎవరి కోసమో ఒక చరణం కట్టి, అది ఎవరికీ అందకుండానే పోయిన మనిషి ఆమె. ప్రార్థన అలవాటున్నవారు ప్రార్థనలో, లేనివారు పని చేసుకుంటూ, ఒక్కసారి ఆమెను గుర్తు చేసుకోండి.